ధ్రువకాంతి ముందు ఏడుగురు

డిసెంబరు పద్నాలుగున నార్వేలో ధ్రువకాంతి ముందు నిలబడి దిగబోయే ఫోటో, నవంబరు ఇరవై రెండునే రిజిస్టర్డ్ పోస్టులో కాకినాడకు, కొప్పిశెట్టి చక్రధరరావు ఇంటికి వచ్చింది. పోస్టుమాన్ సంతకం చేయించుకుని, "మీ వీధికి ఈ నెల్లో ఇది మూడోదండి" అని చెప్పి సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఇందులో వింతపడాల్సిందేమీ లేదు. పూర్వం జనం అంత దూరం వెళ్లి, వారం రోజులు చలిలో వణికి, మబ్బు పట్టి ఏమీ కనబడక, తిరిగొచ్చి గొడవ చేసేవారు. ఎలాగూ అందరూ వెళ్లేది ఫోటో కోసమే కదా అని ధ్రువకాంతి దర్శన విభాగం బాగా ఆలోచించి, ముందు ఫోటో, తరవాత ప్రయాణం అనే పద్ధతి పెట్టింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మొదట్లో నవ్వినవాళ్లు కూడా తమ ఫోటో రాగానే ఫ్రేము కట్టించుకున్నారు. ఇక ప్రయాణికుడు చేయాల్సిందల్లా, ఫోటోలో ఉన్న రోజున, ఉన్న గంటకు, ఉన్న చోట, ఉన్నట్టుగా నిలబడి రావడమే. ఫోటోకూ మనిషికీ తేడా వస్తే ఫోటోను దిద్దరు, మనిషినే దిద్దుతారు. ఈ సంగతి కవరు వెనకే అచ్చువేసి ఉంటుంది.

చక్రధరరావు మున్సిపాలిటీలో జనన మరణాల రిజిస్టర్లు చూసే విభాగానికి హెడ్ క్లర్కు. పేరు తప్పు పడిందనీ, పుట్టిన తేదీ మారిపోయిందనీ, బతికుండగానే చనిపోయినట్టు రాశారనీ వచ్చినవాళ్లకు ఇరవై ఆరేళ్లుగా అతను చెప్పే మాట ఒక్కటే: "రిజిస్టరులో ఏముందో అదే మీరు." విసుక్కుని చెప్పేవాడు కాదు, నమ్మి చెప్పేవాడు. అంత నమ్మకం ఉన్నవాడు కాబట్టే, కవరు చించి ఫోటో చూడగానే అతనికి ముచ్చెమటలు పోశాయి.

ఫోటోలో మంచు మైదానం ఉంది. వెనక ఆకాశంలో, దండెం మీద ఆరేసిన చీర గాలికి ఎగిరినట్టు ఆకుపచ్చ కాంతి ఉంది. ముందు లావుపాటి కోట్లు తొడుక్కుని ఏడుగురు మనుషులున్నారు. ఎడమ నుంచి మూడోవాడు చక్రధరరావు. పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. ఎందుకో ఎడమ చేతికి గ్లవ్ లేదు. తక్కిన ఆరుగురూ అదే బృందంలో రాబోయే తెలియనివాళ్లు. కవరుతో పాటు వచ్చిన జాబితాలో మాత్రం ఎనిమిది పేర్లున్నాయి. ఎనిమిదో పేరు కె. హైమవతి. అతని భార్య. ఫోటోలో ఆవిడ లేదు.

హైమవతి వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, ఫోటో తీసుకుని కిటికీ దగ్గర వెలుగులో చూసింది.

"ఆకుపచ్చన్నమాట" అంది.

ఏడుగురినీ వేలితో లెక్కపెట్టి, "నేను లేనుగా" అంది.

ఈ ప్రయాణం నిజానికి ఆవిడది. ఏడో తరగతి సాంఘిక శాస్త్రం పుస్తకంలో ధ్రువకాంతి బొమ్మ నలుపు తెలుపుల్లో ఉండేది. ఇది ఏ రంగులో ఉంటుందని ఆవిడ క్లాసులో లేచి అడిగితే, పరీక్షకు రాదు కూర్చోమని మాస్టారు అన్నారు. ఆ ప్రశ్నను ఆవిడ ముప్పై మూడేళ్లు దాచుకుంది. పెళ్లయి పాతికేళ్లు నిండిన రోజున ఏం కావాలని చక్రధరరావు అడిగితే, చీరనలేదు, గొలుసనలేదు. అది చూపించమంది. అతను మాటిచ్చాడు. ఇచ్చిన మాట ప్రకారం ముప్పై ఒక్క కాలమ్‌ల దరఖాస్తు తనే కూర్చుని నింపాడు కూడా.

మరణాల రిజిస్టరు ముందు ఇరవై ఆరేళ్లు కూర్చున్న మనిషి కదా, అతని ఆలోచన తిన్నగా అక్కడికే పోయింది. ఫోటోలో లేదంటే ఆ రోజుకు ఉండదేమో. మర్నాడే ఆవిడను తీసుకెళ్లి బీపీ చూపించాడు, ఈసీజీ తీయించాడు. అన్నీ బాగున్నాయని డాక్టరు చెబితే ఇంకా భయమేసింది. స్కూటరు ఎక్కవద్దన్నాడు, తడి బాత్రూములో నడవద్దన్నాడు, గ్యాసు పొయ్యి తనే వెలిగించడం మొదలుపెట్టాడు. ఆవిడ నిద్రలో గట్టిగా ఊపిరి తీస్తే భయపడేవాడు, మెల్లగా తీస్తే లేపేవాడు.

"నాకేం కాలేదండీ బాబూ" అంది హైమవతి నాలుగో రోజున. "వెళ్లి ఆఫీసులో అడిగి రండి. ఒకవేళ నేనే ఫోటో తీస్తున్నానేమో."

ఆ మాటతో అతనికి ప్రాణం లేచివచ్చింది. కానీ ఫోటో తీసేది విభాగం వారి స్టాండు మీద బిగించిన కెమెరా అని కవరు వెనక తొమ్మిదో నిబంధనలో ఉంది.

ధ్రువకాంతి దర్శన విభాగం ప్రాంతీయ కార్యాలయం భానుగుడి దగ్గర, గ్యాస్ స్టౌలు బాగుచేసే దుకాణం మేడ మీద ఉంది. సవరణల సెక్షన్‌లో పైడికొండల నూకరత్నం గారనే ఆవిడ కూర్చుంటారు. చక్రధరరావు ఫోటో ఆవిడ ముందు పెట్టి విషయం చెప్పాడు. చెబుతూ ఉండగానే తన గొంతు తన కౌంటరు ముందు నిలబడే జనం గొంతులా ఉందని గమనించాడు.

"ఫోటోలో ఏముందో అదేనండి" అన్నారు నూకరత్నం గారు నెమ్మదిగా. కోపంగా కాదు, నమ్మి అన్నారు.

"నిజమేనండి మేడమ్, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ మనిషి ఉంది కదండీ. ఇంట్లో నిక్షేపంలా ఉంది."

"ఇంట్లో ఉండడం వేరండి, ఫోటోలో ఉండడం వేరు. ఇదివరకు మీతో పాటు ఏ ఊరైనా వెళ్లినప్పుడు ఆవిడ పడిన ఫోటోలు మూడు పట్రండి. పడే అలవాటున్న మనిషని తేలితే పైకి రాస్తాను."

ఇదేం పెద్ద పని అనుకుంటూ చక్రధరరావు ఇంటికొచ్చి, ఆల్బమ్‌లన్నీ కిందికి దింపి, హాల్లో పరుచుకు కూర్చున్నాడు. తిరుపతిలో అతనూ, కూతురూ, గుండ్లు. ఊటీలో అతనూ, చెల్లెలూ, బావగారూ, గుర్రం. ఉప్పాడలో అలల్లో అతనూ, అతని ఆఫీసు వాళ్లూ. హైదరాబాదులో బుద్ధుడి ముందు అతను ఒక్కడూ. సాయంత్రం అయిదు దాకా వెతికాడు. పాతికేళ్లలో పద్నాలుగు ఊళ్లు తిరిగారు, హైమవతి ఒక్క ఫోటోలో కూడా లేదు. పెళ్లి ఆల్బమ్‌లో ఉంది, కానీ పెళ్లి ప్రయాణం కింద లెక్కకు రాదు.

"అరకులో నువ్వు ఎక్కడున్నావు హైమా?" అని అడిగాడు.

"సామాన్ల దగ్గరండి."

"ఊటీలో?"

"ఊటీలోనూ అంతే కదండీ. సంచులూ, చెప్పులూ, మీ చెల్లెలుగారి చంటిపిల్లా. ఎవరో ఒకరు ఉండాలి కదా."

ఆవిడ దెప్పినట్టేం అనలేదు. ఉప్పు ఎక్కడుందంటే డబ్బాలో ఉందని చెప్పినట్టు చెప్పింది. చివరికి అరకు ఫోటోలో, కింద మూలన, నేల మీద ఒక నీడ దొరికింది. జడ ఉంది, భుజాన సంచి ఉంది. చక్రధరరావు ఆ నీడ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, మర్నాడు భానుగుడి మేడ ఎక్కాడు.

నూకరత్నం గారు భూతద్దం తీసి చూశారు.

"నీడేనండి. ఆవిడదే అని కూడా ఒప్పుకుంటాను. కానీ నీడలకు మా దగ్గర కాలమ్ లేదండి." భూతద్దం లోపల పెట్టి, ఒక ఫైలు తీశారు. "అయినా రావుగారూ, నిన్న మీరు వెళ్లాక మీ దరఖాస్తు తీసి చూశానండి. తప్పు ఫోటోది కాదు. పద్నాలుగో కాలమ్ చూడండి."

పద్నాలుగో కాలమ్‌లో అచ్చులో ఇలా ఉంది: సామాన్ల దగ్గర ఎవరుంటారు? దాని ఎదుట నీలం ఇంకుతో, గుండ్రటి అక్షరాలతో, కె. హైమవతి, భార్య అని రాసి ఉంది. చేతిరాత చక్రధరరావుదే.

అతనికి ఆ క్షణం జ్ఞాపకం కూడా లేదు. పదమూడో కాలమ్‌లో రక్తం గ్రూపు కోసం వెతుక్కోవడం జ్ఞాపకం ఉంది. పదిహేనో కాలమ్‌లో పాస్‌పోర్టు నంబరు తప్పు రాసి దిద్దడం జ్ఞాపకం ఉంది. పద్నాలుగో కాలమ్ దగ్గర చెయ్యి ఆగలేదు. ఆవిడ చనిపోదని తెలిసినందుకు ముందు గుండె తేలికపడింది. ఆ వెంటనే సిగ్గేసింది. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఫైలులోనే పెట్టుకున్నాడు.

"అక్కడ దొంగలుంటారాండీ?" అని అడిగాడు చివరికి.

"అబ్బే, ఆ మంచులోకి ఎవరొస్తారండి."

"మరి సామాన్ల దగ్గర మనిషెందుకండి?"

"ఉండాలి కదండీ" అన్నారు నూకరత్నం గారు, ఇంత వయసొచ్చి ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి. "సామాన్ల గది ఉంటుందండి, హీటరు కూడా ఉంటుంది. కిటికీ మాత్రం ఉండదు. కిటికీ ఉంటే అటు చూస్తూ సామాన్లు మరిచిపోతారని పెట్టలేదు."

"మీరు చూశారాండీ ధ్రువకాంతి?"

"మా వారు చూశారండి" అన్నారావిడ. తరవాత సొరుగులోంచి పసుపురంగు కాగితం ఒకటి తీశారు. "ఒక దారుందండి. మార్పిడి ఫారం. మీరు సామాన్ల దగ్గరికి వెళ్తారు, మీ చోట ఆవిడ ఫోటోలోకి వస్తారు. అయిదింటిలోగా సంతకం పెట్టి ఇస్తే రాత్రికే కొత్త ఫోటో తయారవుతుంది. రేపు ఆదివారం. సోమవారం జాబితా ఖరారు."

గోడ మీద గడియారం నాలుగుంబావు చూపిస్తోంది. చక్రధరరావు పెన్ను మూత తీశాడు. సంతకం పెడదామనే తీశాడు, అందులో అనుమానం లేదు. కానీ ఫోటో వచ్చిన రోజునే అతను దాన్ని ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. కమిషనరు గారు స్వయంగా బొటనవేలు బొమ్మ పెట్టారు. తిరిగి వచ్చాక సన్మానం అనుకున్నారు. ధ్రువకాంతిని దర్శించిన మన రావుగారు అని, పళ్లన్నీ కనబడే ఆ నవ్వుతోనే ఫ్లెక్సీ కూడా అచ్చయిపోయి సెక్షన్‌లో బీరువా మీద చుట్టచుట్టి ఉంది. ఇప్పుడు ఆ నవ్వును ఏం చేయాలి? హైమ ఎలాగూ ఏమీ అనుకోదు. ఆవిడ ఎప్పుడు అనుకుంది గనక?

"సోమవారం పొద్దున్నే తెచ్చిస్తే కుదరదాండీ?"

"కుదరదండి."

"ఒకసారి ఇంట్లో అడిగి..."

"ఫోను చేసి అడగండి. నేనుంటాను."

అతను ఫోను తీసి చూసుకున్నాడు, చెయ్యలేదు. అయిదు కొట్టింది. నూకరత్నం గారు సొరుగుకు తాళం వేసుకుని, పసుపు కాగితం మీ దగ్గరే ఉంచుకోండని చెప్పి, మెట్లు దిగి వెళ్లిపోయారు. అతను దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఇంటికి రాగానే, "నిన్ను సామాన్ల దగ్గర వేశారట" అన్నాడు.

"ఎవరు వేశారండీ?"

"విభాగం వాళ్లు."

"పోనీలెండి" అంది హైమవతి. "అంత దూరం వెళ్లాక, వస్తూనో పోతూనో కాస్తయినా కంటపడకపోదు." అని అటక మీంచి సూట్‌కేసు దింపమంది.

వస్తూ పోతూ కూడా పడలేదు. నార్వేకు ఉత్తరపు కొసన ఉన్న ఆ ఊళ్లో డిసెంబరులో పొద్దు పొడవదు. విమానం దిగిన దగ్గర్నుంచి ఆకాశం నల్లగానే ఉంది. సామాన్ల దగ్గర మనుషులుగా నమోదైనవాళ్లను తెరలున్న బస్సులో వేరే తీసుకెళ్లారు. పద్నాలుగో తేదీ మధ్యాహ్నం మూడు గంటలకు రెండు బస్సులూ మంచు మైదానం చేరాయి. మైదానం ఒక చివర చెక్కతో కట్టిన గది ఉంది. దాని మీద అన్ని భాషల్లోనూ సామాన్లు అని రాసి ఉంది, తెలుగులో కాస్త పెద్ద అక్షరాలతో రాశారు. తలుపు దాకా చక్రధరరావు తనే సంచులు మోశాడు.

గది లోపల అప్పటికే పదిమంది దాకా ఉన్నారు. ఎక్కువమంది ఆడవాళ్లు, ఒకరిద్దరు పెళ్లికాని మేనమామలు, ఒక విధవ పిన్ని. బెంచీల మీద కూర్చుని కాకినాడ కాజాలూ, మాగాయ పచ్చడీ పంచుకుంటున్నారు. ఇది తనకు నాలుగోసారని ఒకావిడ అంటోంది. ఎలా ఉంటుందని ఎవరో అడిగితే, "హీటరు బాగుంటుందమ్మా" అని చెబుతోంది.

హైమవతి గ్లవ్‌లు సూట్‌కేసు అడుగున ఉండిపోయాయి. ఆవిడ వేళ్లు నీలంగా ఉన్నాయి. చక్రధరరావు తన ఎడమ చేతి గ్లవ్ తీసి ఆవిడకు తొడిగాడు. తొడిగాక తన చెయ్యి చూసుకుని ఉలిక్కిపడ్డాడు. ఫోటోలో సరిగ్గా ఇలాగే ఉంది. ప్రేమతో ఇచ్చాడో, ఫోటోలో ఉంది కదా అని ఇచ్చాడో అతనికే తెలియలేదు.

"జాగ్రత్తగా చూసి రండి" అంది హైమవతి. "రంగు సరిగ్గా చూడండి. ఫోటోల్లో ఒక్కోసారి తేడాగా పడుతుంది."

మైదానం మధ్యలో పరిశీలకుడు బుల్లబ్బాయి గారు ఫోటో చేత్తో పట్టుకుని ఏడుగురినీ సర్దుతున్నాడు. అమలాపురం మనిషి, పదేళ్లుగా అక్కడే డ్యూటీ. ఒకాయన్ని అంగుళం జరిపాడు, ఒకావిడ టోపీ ఎడమకు వంచాడు, చక్రధరరావు ఎడమ చెయ్యి చూసి శభాష్ అన్నాడు. కెమెరా దక్షిణాన ఉంది. కాంతి ఉత్తరాన రావాలి. కాబట్టి ఏడుగురూ దక్షిణానికి తిరిగి నిలబడ్డారు.

నాలుగూ పదికి వీపుల వెనక ఏదో జరిగింది. ముందున్న మంచు మీద పచ్చటి వెలుగు పాకింది. కెమెరా స్టాండు కాళ్లు కూడా పచ్చబడ్డాయి. హైమకు చెప్పాలి కదా అని చక్రధరరావు తల తిప్పబోయాడు.

"రావుగారూ, తిరక్కండి" అన్నాడు బుల్లబ్బాయి గారు. "ఫోటోలో ఎవరూ తిరగలేదండి."

"ఒక్కసారి చూసి..."

"దిగాక చూద్దురుగానండి. నవ్వాలండీ, ఇంకొంచెం. పళ్లు కనబడాలి. మీరు నవ్వితేగాని అందరిదీ పూర్తవదు."

చక్రధరరావు చెక్క గది వైపు చూశాడు. గది గోడ కూడా పచ్చగా మెరుస్తోంది. కిటికీ లేదు. ఏడుపు వచ్చేలా ఉంది. దాన్ని మింగడానికి పళ్లు బిగించి పెదవులు సాగదీశాడు. అచ్చం ఫోటోలో ఉన్నట్టే వచ్చింది. కెమెరా క్లిక్కుమంది. బుల్లబ్బాయి గారు రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూసి, సరిపోయిందని రాసుకుని, తరవాతి బృందం చలిలో నిలబడి ఉందని గుర్తుచేసి, వరసగా బస్సు వైపు నడిపించాడు. వరసలో వెనక్కి తిరగడానికి లేదు. బస్సు తలుపు దగ్గర అతను ధైర్యం చేసి తిరిగేసరికి ఆకాశం మళ్లీ నల్లగా ఉంది.

తిరుగు ప్రయాణంలో అందరికీ ఒకటే బస్సు. హైమవతి ఒళ్లో సంచి పెట్టుకుని అతని పక్కన కూర్చుంది. గ్లవ్ తీసి అతనికిచ్చింది.

"ఎలా ఉందండీ?"

"ఆకుపచ్చ" అన్నాడు.

"అది కాకినాడలోనే చూశాం కదండీ. నిజంగా ఎలా ఉంది?"

అంత దూరం వచ్చి దానికి వీపు పెట్టి నిలబడ్డానని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. ఆవిడ అతని ముఖం చూసి, ఇంక అడగలేదు.

బుల్లబ్బాయి గారు సీట్ల మధ్య నడుస్తూ వచ్చే ఏడాది దరఖాస్తులు పంచాడు. అది నింపి ఇవ్వకపోతే ఈ ఏడాది చూసినది ఖరారు కాదు. చక్రధరరావు పాస్‌పోర్టు నంబరు కోసం ప్రయాణం ఫైలు తెరిచాడు. అందులో, పాస్‌పోర్టు కింద, పసుపురంగు కాగితం ఉంది. ఒకసారి నీళ్లలో తడిసి, ఆరి, ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉంది. మార్పిడి ఫారం. అక్షరాలు అలుక్కుపోయినా చదవడానికి వీలుగానే ఉన్నాయి.

"చొక్కా ఉతికేటప్పుడు జేబులో దొరికిందండి" అంది హైమవతి, సంచి జిప్పు సర్దుకుంటూ. "సంతకం పెట్టలేదు కదా, పనికొస్తుందేమోనని ఆరబెట్టి ఉంచాను."

"అడగలేదేం?"

"మీరే చెబుతారేమోనని చూశాను."

చక్రధరరావు తల ఎత్తకుండా దరఖాస్తు నింపాడు. పదమూడో కాలమ్‌లో రక్తం గ్రూపు రాశాడు. పద్నాలుగో కాలమ్ దగ్గర ఈసారి చెయ్యి ఆగింది. అక్కడ తన పేరు రాయవచ్చు. రాయకూడదని ఏ నిబంధనా లేదు. రాస్తే వచ్చే ఏడాది ఫోటోలో తను ఉండడు, అంతే. పెన్ను కాగితానికి ఆనించి, కొప్పిశెట్టి అనే ఇంటిపేరుకు పొడి అక్షరం కె. రాసి ఆగిపోయాడు. ఆ అక్షరం ఇద్దరికీ ఒకటే. బుల్లబ్బాయి గారు వచ్చి ఎదుట నిలబడ్డాడు.

"రాసెయ్యండి" అంది హైమవతి మెల్లగా. "ఆయన ఎంతసేపని నిలబడతారు పాపం."

చక్రధరరావు రాసేశాడు. బుల్లబ్బాయి గారు కాగితం అందుకుని, తన ఫైలులో ఉన్న పాత దరఖాస్తు తీసి, ఇద్దరికీ కనబడేలా రెండింటినీ పక్కపక్కన పట్టుకున్నాడు. హైమవతి అటు చూసింది. రెండు చోట్లా పేరు ఒకటే, గుండ్రటి చేతిరాత కూడా ఒకటే. తేడా లేదని రూఢి చేసుకుని ఆయన పద్నాలుగో కాలమ్ ఎదుట టిక్కు పెట్టి, వెనక సీటు దగ్గరికి వెళ్లాడు.